నాణెం మీద దేవుడు ఎవరికి కాపలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రోమన్ల వెండి నాణేల మీద ఊరిని, ఇంటిని, రాజును కాపాడే దేవతల బొమ్మలు ఉండేవని పోయిన నెల ఈ శీర్షికలో ఒక చిన్న జవాబు రాశాను. దానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అంత ఆసక్తిగా అడుగుతుంటే మళ్లీ రెండు ముక్కల్లో సరిపెట్టడం బాగుండదు కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను. చాలామంది ఒకే ప్రశ్న అడిగినచోట ఒకటే తీసుకున్నాను, పేర్లు వేయొద్దని కొందరు కోరారు కాబట్టి ఎవరి పేర్లూ వేయలేదు.

ప్రశ్న: ఇద్దరు దేవుళ్లు, మధ్యలో కుక్క ఉన్న నాణెం గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. మన కాలభైరవుడికి కూడా కుక్కే వాహనం కదా. ఆ నాణెం సంగతి ఇంకాస్త వివరంగా చెప్తారా? – ఒక గృహిణి, బొబ్బిలి

తప్పకుండా అమ్మా, నాకు అన్నింటికంటే ఇష్టమైన నాణెం అది. క్రీ.పూ. 112 లేదా 111లో లూసియస్ సీసియస్ అనే టంకశాల అధికారి వేయించిన డినేరియస్. డినేరియస్ అంటే రోమన్ల ప్రధాన వెండి నాణెం, మన ఇప్పటి రూపాయి బిళ్ళంత ఉంటుంది. బొమ్మ వైపు ఒక యువకుడు మనకు వీపు చూపిస్తూ, ఎడమ వైపు తిరిగి, చేతిలో పిడుగు పట్టుకుని విసరబోతుంటాడు. ఆయన్ని కొందరు అపోలో అంటారు, కొందరు వేయోవిస్ అనే పాత రోమన్ దేవుడు అంటారు. బొరుసు వైపు తిప్పితే అసలు సంగతి. ఇద్దరు యువకులు పక్కపక్కన కూర్చుని ఉంటారు, ఇద్దరి చేతుల్లోనూ పొడవాటి కర్రలు, ఇద్దరి మధ్యలో కుక్క. వాళ్ల తలల పైన చిన్న సైజులో కమ్మరి దేవుడు వల్కన్ తల, భుజం మీద పట్టకారు. కింద సీసియస్ పేరు. పక్కన రెండు వైపులా విడివిడిగా పెట్టిన అక్షరాలు కలిపి చదివితే "లారే" అని వస్తుంది, అంటే వాళ్లు లారెస్ దేవతలని నాణెమే చెప్తోంది.

లారెస్ అంటే ఇళ్లకు, వీధి కూడళ్లకు, దారులకు కాపలా ఉండే చిన్న దేవతలు. ప్రతి ఇంట్లో వాళ్లకో గూడు ఉండేది. ఇక్కడ ఉన్నవాళ్లు మాత్రం లారెస్ ప్రేస్టిటెస్, అంటే ఒక ఇంటికి కాకుండా మొత్తం రోమ్ ఊరికి కాపలా ఉండేవాళ్లు. వాళ్ల పండగ మే 1న. ఓవిడ్ అనే రోమన్ కవి పండగల మీద రాసిన కావ్యంలో వీళ్ల గురించి చెప్తూ, కాళ్ల దగ్గర కుక్క ఎందుకుందో కూడా తనే వివరిస్తాడు. లారెస్, కుక్క ఇద్దరూ ఇంటిని కాస్తారు, ఇద్దరూ యజమానికి విశ్వాసంగా ఉంటారు, ఇద్దరికీ కూడళ్లంటే ఇష్టం, ఇద్దరూ దొంగల్ని తరుముతారు, ఇద్దరూ రాత్రంతా మేలుకునే ఉంటారు అని. అదే చోట ఇంకో మాట కూడా అంటాడు. ఆ జంట విగ్రహాల కోసం తను వెతికాడట, కానీ ఏళ్లు గడిచి అవి శిథిలమైపోయాయట. ఓవిడ్ కాలానికే రాతి విగ్రహాలు పోయాయంటే, అంతకు వందేళ్ల ముందు ఒక అధికారి వెండి బిళ్ళ మీద కొట్టించిన బొమ్మ ఇవాళ్టికీ మన కళ్ల ముందు ఉండటం ఎంత గొప్ప విషయమో ఆలోచించండి. అసలు వాళ్లు ఎలా కూర్చునేవాళ్లో, చేతుల్లో ఏం పట్టుకునేవాళ్లో చూడాలంటే ఇప్పుడు ఈ నాణెం దగ్గరికే రావాలి.

కాలభైరవుడి సంగతి. చారిత్రకంగా రెండింటికీ సంబంధం ఉందని చూపించే ఆధారం ఏదీ లేదు, కాబట్టి ఉందని రాయను. కానీ మీ ఆలోచన మాత్రం సరైన దారిలోనే ఉంది. కాశీలో భైరవుణ్ని ఊరి కొత్వాలు అంటారు, శివాలయాల్లో క్షేత్రపాలకుడిగా నిలబెడతారు. ఊరికి కాపలా దేవుడు, ఆయన పక్కన కాపలా కుక్క. మనుషులు రెండు చోట్లా రాత్రిపూట తమ గుమ్మం దగ్గర రోజూ చూసిందే దేవుడి పక్కన పెట్టుకున్నారు. ఇంకా పెద్ద సంబంధం వెతకాల్సిన పని లేదు.

ప్రశ్న: టంకశాల అధికారి తనకు నచ్చిన దేవుణ్ని వేయించుకుంటే ప్రభుత్వం ఊరుకునేదా? – డిగ్రీ విద్యార్థి, ఆమదాలవలస

ఊరుకునేది బాబూ, ఈ నాణేల కథంతా ఆ వెసులుబాటులోనే ఉంది.

డినేరియస్ మొదలైంది క్రీ.పూ. 211 ప్రాంతంలో, శత్రు సేనాని హానిబాల్‌తో యుద్ధం నడుస్తున్నప్పుడు. మొదట్లో అన్నీ దాదాపు ఒకేలా ఉండేవి, ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత తల, రెండో వైపు గుర్రాల మీద దూసుకెళ్తున్న కాస్టర్, పోలక్స్ అనే కవల దేవతలు. రోమా, కవలలు అందరి దేవతలు కాబట్టి ఎవరికీ పేచీ లేదు. నాణేలు కొట్టించే బాధ్యత ముగ్గురు యువ అధికారులది, రాజకీయాల్లో అప్పుడే కాలు పెడుతున్న పెద్దింటి కుర్రాళ్లు వాళ్లు. రానురాను వాళ్లకు ఒక సంగతి అర్థమైంది. ఎన్నికల్లో నిలబడే మనిషికి ఊరూరా చేతులు మారే వెండి కంటే మంచి ప్రచారం ఏముంటుంది? మొదట పేరు వేసుకున్నారు, తర్వాత తాతలు గెలిచిన యుద్ధాలు, ఆ తర్వాత తమ సొంత ఊరి దేవతలు.

రోమ్‌కు ఆగ్నేయంగా, ముప్పై కిలోమీటర్ల దూరంలో కొండల్లో లానూవియం అనే ఊరుంది. ఆ ఊరి ఇలవేల్పు జూనో సోస్పిటా, అంటే కాపాడే జూనో. ఈవిడ దేవతల రాణి అయిన మామూలు జూనోలా మెత్తగా ఉండదు. మేక తోలు తల మీదుగా కప్పుకుని, ఆ తోలుకున్న కొమ్ములు నెత్తిన నిక్కి ఉండగా, ఒక చేతిలో ఈటె, ఇంకో చేతిలో చిన్న డాలు, కాళ్లకు ముందు కొస పైకి తిరిగిన చెప్పులతో ఉంటుంది. రోమన్ రచయిత సిసిరో తన పుస్తకంలో వర్ణించిన రూపం, నాణేల మీద కనిపించే రూపం అచ్చంగా ఒకటే. క్రీ.పూ. 338లో రోమన్లు లానూవియం వాళ్లకు పౌరసత్వం ఇచ్చారు, దానికి పెట్టిన షరతు ఏమిటంటే ఆ అమ్మవారి గుడి, దాని చుట్టూ ఉన్న తోపు ఇకమీదట రెండు ఊళ్ల వాళ్లకూ ఉమ్మడి. ఊరితో పాటు ఊరి దేవతలో కూడా వాటా అడిగారన్నమాట!

తర్వాత క్రీ.పూ. 105లో థోరియస్ బాల్బస్, క్రీ.పూ. 79లో పాపియస్, ఆ తర్వాత పదిహేనేళ్లకు రోసియస్ ఫాబాటస్, వీళ్లంతా అధికారులైనప్పుడు ఈ అమ్మవారి తలనే నాణెం మీద వేయించారు. మూడు కుటుంబాలకూ మూలాలు లానూవియంలోనే. విజయనగరం వాడు ఎంత పెద్ద పదవికి వెళ్లినా పైడితల్లి అమ్మవారి పటం ఆఫీసు గోడకు తగిలించుకుంటాడు కదా, అలాంటి అభిమానమే ఇది. కాకపోతే వీళ్ల చేతిలో గోడ బదులు దేశమంతా తిరిగే డబ్బుంది. అందుకే కాపాడే దేవత బొమ్మ కనపడగానే "ఈవిడ ఎవరు" అని అడిగి ఆగిపోవద్దు. ఎవరిని కాపాడటానికి ఈ నాణెం ఎక్కింది, ఎక్కించింది ఎవరు అని కూడా అడగండి. నాణెంలో సగం కథ అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: పాముకు ఆహారం పెడుతున్న అమ్మాయి బొమ్మ ఉన్న నాణెం చూశాను. నాగుల చవితికి మనం పుట్టలో పాలు పోసినట్టే ఉంది. అది ఏమిటండీ? – టీచర్, పాలకొండ

పైన చెప్పిన రోసియస్ ఫాబాటస్ నాణెం అదే అమ్మా. సుమారు క్రీ.పూ. 64 నాటిది. ఒకవైపు మేక తోలు కప్పుకున్న జూనో సోస్పిటా తల, రెండో వైపు నిలబడిన అమ్మాయి, ఎదురుగా పడగెత్తి లేచిన పాము.

లానూవియం గుడి దగ్గర ఒక గుహలో పాము ఉండేదని, ఏటా కన్యలు దానికి ఆహారం తీసుకెళ్లేవాళ్లని ప్రొపర్షియస్ అనే కవి రాశాడు, తర్వాత ఈలియన్ అనే రచయిత కూడా రాశాడు. ఈలియన్ ప్రకారం వాళ్ల కళ్లకు గంతలు కట్టేవాళ్లు, చేతిలో బార్లీ రొట్టెలు. పాము తింటే ఆ అమ్మాయి శీలవతి అని, తినకపోతే కాదని తీర్పు. తినకుండా వదిలేసిన రొట్టెను చీమలు ముక్కలు చేసి బయటికి మోసుకెళ్తాయట, దాంతో ఊరంతటికీ తెలిసిపోతుంది. పాము తింటే మాత్రం అమ్మాయిలు పరుగున వచ్చి తల్లిదండ్రుల మెడ చుట్టూ చేతులు వేసేవాళ్లు, రైతులు "ఈ ఏడు పంట పండుతుంది" అని కేకలు వేసేవాళ్లు. ఒక ఊరి పంట భారమంతా ఒక చిన్నపిల్ల నెత్తిన పెట్టడం! చీకట్లో, కళ్లకు గంతలతో, ఎదురుగా పాముంటే ఆ పిల్ల గుండె ఎంత దడదడలాడి ఉంటుందో అనిపిస్తుంది నాకు ఈ నాణెం చూసినప్పుడల్లా.

నాగుల చవితికీ దీనికీ పోలిక ఉంది, తేడా కూడా ఉంది. మనం కార్తీకంలో పుట్ట దగ్గరికి వెళ్లి, పిల్లాపాపల్ని చల్లగా చూడమని నాగేంద్రుణ్ని వేడుకుంటాం, అక్కడ ఎవరికీ పరీక్ష లేదు. లానూవియంలో అది పరీక్ష. పాము పంటకు, సంతానానికి కాపలా అన్న నమ్మకం మాత్రం రెండు చోట్లా ఉంది.

ఇంకో విశేషం కూడా చూడండి. ఈ నాణెం అంచు చుట్టూ రంపం పళ్లలా గాట్లుంటాయి, ఉలితో ఒక్కొక్కటీ కొట్టినవి. అలాగే అమ్మవారి తల వెనక ఒక చిన్న గుర్తు, అమ్మాయి వెనక దానికి జతగా ఇంకో గుర్తు ఉంటాయి. పనిముట్లు, పాత్రలు, దీపాలు, జంతువులు, ఇలా రెండు వందలకు పైగా జతలున్నాయి. ఏ అచ్చుతో ఎంత కొట్టారో లెక్క చూసుకోవడానికి పెట్టుకున్నారని భావిస్తారు. మీ పిల్లలకు చూపిస్తే ఆ గుర్తుల దగ్గరే గంట కూర్చుంటారు.

ప్రశ్న: కాస్టర్, పోలక్స్ మన అశ్వినీ దేవతలేనా? – టెక్కలి

వాళ్లే అనలేం, బంధువులు అనొచ్చు. ఇద్దరూ కవలలు, ఇద్దరికీ గుర్రాలతో సంబంధం, ఇద్దరూ ఆకాశ దేవుడి కొడుకులు, ఇద్దరూ ఆపదలో పిలిస్తే వచ్చేవాళ్లు. ఒకే పాత మూలం నుంచి రెండు వైపులా విడిపోయిన కథ అని పురాణాల్ని పోల్చి చదివేవాళ్లు చాలాకాలంగా చెప్తున్నారు. రోమన్ల కథ ప్రకారం క్రీ.పూ. 5వ శతాబ్దం మొదట్లో రెజిల్లస్ సరస్సు దగ్గర జరిగిన యుద్ధంలో ఈ కవలలు రోమ్ తరఫున పోరాడి, వెంటనే నగరంలో జుటుర్నా ఊట దగ్గర గుర్రాలకు నీళ్లు పట్టిస్తూ కనిపించి, గెలిచాం అని చెప్పి మాయమయ్యారు. ఆ యుద్ధంలో రోమన్ సేనాని పోస్టుమియస్. నాలుగు వందల ఏళ్ల తర్వాత, సుమారు క్రీ.పూ. 96లో అదే వంశంలో పుట్టినవాడు టంకశాల అధికారి అయ్యి, కవలలు గుర్రాలకు నీళ్లు పట్టిస్తున్న దృశ్యాన్నే నాణెం మీద కొట్టించాడు. పైకి దేవుళ్ల బొమ్మ, లోపల మా ముత్తాత గొప్పతనం.

ప్రశ్న: చక్రవర్తులు కూడా కాపాడే దేవుళ్లను వేసుకున్నారా? వేసుకున్నవాళ్లను ఆ దేవుళ్లు కాపాడారా? – రాజాం

మీ ప్రశ్న సూటిగా ఉంది, జవాబు కూడా సూటిగానే చెప్తాను. వేసుకున్నారు, మామూలుగా కాదు. చక్రవర్తుల కాలం వచ్చాక దేవుడు కాపాడాల్సింది ఊరిని కాదు, ఒక్క మనిషిని. మార్పంతా అక్కడే.

నీరోను తీసుకోండి. క్రీ.శ. 65లో అతన్ని చంపడానికి పీసో అనే పెద్దమనిషి చుట్టూ పెద్ద కుట్ర జరిగింది, బయటపడింది, చాలామంది తలలు పోయాయి. తనను పొడవడానికి తెచ్చిన బాకును నీరో దేవతల రాజు జూపిటర్‌కు సమర్పించాడని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ రోజుల్లోనే సింహాసనం మీద పిడుగు పట్టుకుని కూర్చున్న జూపిటర్‌తో, "కాపలాదారు జూపిటర్" అన్న అక్షరాలతో వెండి, బంగారు నాణేలు వచ్చాయి. మూడేళ్ల తర్వాత, క్రీ.శ. 68లో, అందరూ వదిలేసి వెళ్లాక నీరో ఆత్మహత్య చేసుకున్నాడు.

డొమిషియన్ కథ ఇంకా వివరంగా తెలుసు. క్రీ.శ. 69లో అంతర్యుద్ధంలో శత్రువులు రోమ్‌లోని కాపిటల్ కొండను ముట్టడించి అక్కడి జూపిటర్ గుడిని తగలబెట్టినప్పుడు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు డొమిషియన్ గుడి సేవకుడి గదిలో దాక్కుని, పొద్దున్నే ఐసిస్ దేవత భక్తుడి వేషంలో జారుకుని బతికాడు. తండ్రి చక్రవర్తి అయ్యాక ఆ గది ఉన్నచోట జూపిటర్‌కు చిన్న గుడి కట్టాడు, తనే చక్రవర్తి అయ్యాక కాపలాదారు జూపిటర్‌కు పెద్ద గుడి కట్టి, అందులో దేవుడి ఒళ్లో తన బొమ్మ పెట్టించాడు. ప్రాణభయం తీరిన మనిషి మొక్కు చెల్లించడం మనకు తెలియనిది కాదు కదండీ, ఇతని భక్తి నిజమైనదనే నేను నమ్ముతాను. అతని నాణేల మీద పిడుగు మీద నిలబడ్డ గద్ద, "రక్షకుడు జూపిటర్" అన్న రాత ఉంటాయి. కానీ అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది విద్యకు, యుద్ధానికి దేవత అయిన మినర్వా. ఈటె విసురుతూ ఒకటి, ఓడ ముందు భాగం మీద నిలబడి ఒకటి, పిడుగు పట్టుకుని ఒకటి, ఈటె పట్టుకుని ఊరికే నిలబడి ఒకటి, ఏళ్ల తరబడి డినేరియస్‌ల మీద ఈ నాలుగు రూపాలే తిరిగి తిరిగి వచ్చాయి. ఆవిడ అతని ఇష్టదైవం. చనిపోయే ముందు డొమిషియన్‌కు ఒక కల వచ్చిందని చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. కలలో మినర్వా తన మందిరంలోంచి బయటికొచ్చి, జూపిటర్ నా ఆయుధాలు తీసేసుకున్నాడు, ఇక నిన్ను కాపాడలేను అందట. క్రీ.శ. 96 సెప్టెంబర్‌లో సొంత అంతఃపురంలోనే అతన్ని పొడిచి చంపారు.

ఇక గాలియనస్. ఇతని చివరి రోజుల్లో, క్రీ.శ. 267–68లో, రోమ్ టంకశాల ఒకరు కాదు, ఏకంగా దేవుళ్ల పటాలాన్నే దింపింది. జూపిటర్, అపోలో, డయానా, నెప్ట్యూన్, సూర్యుడు, హెర్క్యులిస్, ద్రాక్షసారా దేవుడు లిబర్ అందరూ "చక్రవర్తి రక్షకులు". దేవుడి బొమ్మ బదులు ఒక్కొక్కరికి ఒక జంతువు. డయానాకు జింక, సూర్యుడికి రెక్కల గుర్రం, లిబర్‌కు చిరుత, జూపిటర్‌కు మేక, హెర్క్యులిస్‌కు అడవి పంది. ఎటు చూసినా యుద్ధాలు, సామ్రాజ్యం మూడు ముక్కలై ఉంది, ఆ టెన్షన్‌లో ఏ దేవుణ్నీ వదలకుండా పిలిచారు. 268లో మిలాన్ ముట్టడిలో ఉండగా సొంత అధికారులే అతన్ని చంపారు.

దేవుళ్లు కాపాడలేదు కాబట్టి ఆ భక్తి అబద్ధం అని నేను అనను. నాణెం మీద "రక్షకుడు" అన్న మాట పెద్దదవుతున్నకొద్దీ లోపల భయం కూడా పెద్దదవుతోందని మాత్రం చదువుకోవచ్చు.

ప్రశ్న: నాది బంగారం, వెండి కొట్టు. ఆ నాణేల్లో అసలు వెండి ఎంత? – మూడు లాంతర్ల దగ్గర, విజయనగరం

మీలాంటివాళ్లు అడగాల్సిన ప్రశ్న. డినేరియస్ మొదలైనప్పుడు ఒక రోమన్ పౌను (సుమారు 325 గ్రాములు) వెండికి 72 నాణేలు, అంటే ఒక్కోటి నాలుగున్నర గ్రాములు. కొన్నేళ్లలోనే పౌనుకు 84 చేశారు, 3.9 గ్రాముల దాకా ఉండేది, వెండి దాదాపు స్వచ్ఛం. కుక్క నాణెం, పాము నాణెం ఈ లెక్కలోవే. నీరో క్రీ.శ. 64లో పౌనుకు 96 చేశాడు, రాగి కూడా కలిపాడు. డొమిషియన్ క్రీ.శ. 82లో మళ్లీ దాదాపు స్వచ్ఛమైన వెండికి తెచ్చాడు గానీ, మూడేళ్లే నిలబెట్టగలిగాడు. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి వచ్చేసరికి వెండి సగానికి పడిపోయింది. క్రీ.శ. 215లో కారకల్లా పెద్ద నాణెం ఒకటి తెచ్చాడు, రెండు డినేరియస్‌ల విలువ అన్నారు, వెండి మాత్రం ఒకటిన్నరకు మించి లేదు. గాలియనస్ జంతువుల నాణేలకు వచ్చేసరికి మిగిలింది రెండు మూడు శాతం, పైన వెండి పూత, లోపల రాగి. దాన్ని వెండి నాణెం అని పిలవడానికి మీ వృత్తిలో ఉన్నవాళ్లెవరూ ఒప్పుకోరు.

మీ కొట్లో ఉన్న ఎక్స్‌రే మిషన్‌లో పెడితే ఎక్కువ చూపిస్తుంది, నమ్మకండి. అది పైపొరనే చదువుతుంది. పాత నాణెం పైపొరలోని రాగి ఏళ్ల తరబడి మట్టిలో కరిగిపోయి అక్కడ వెండి పాలు పెరుగుతుంది. అసలు పాలు తెలియాలంటే లోపలి లోహాన్ని పరీక్షించాలి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో రోమన్ దేవత వెండి నాణెం అమ్ముతున్నారు, ఇంట్లో పెట్టుకుంటే రక్ష అంటున్నారు. కొనొచ్చా? – నెల్లిమర్ల

కొనొద్దు. రక్ష మాట చెప్పి అమ్మేవాడు నాణెం అమ్మట్లేదు, మీ భయాన్ని అమ్ముకుంటున్నాడు. మీ ఇంటికి మీ ఇలవేల్పు ఉంది, అది చాలు.

నాణెం మీద ఇష్టంతోనే అడుగుతున్నా జాగ్రత్తగా ఉండాలి. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటుంది, భూతద్దంలో చూస్తే ఉపరితలం మీద చిన్న చిన్న బుడగల గుంటలు కనిపిస్తాయి, అక్షరాల అంచులు సబ్బు అరిగినట్టు మెత్తగా ఉంటాయి. అసలు నాణెం సుత్తి దెబ్బతో తయారైంది కాబట్టి గీతలు పదునుగా ఉంటాయి, బొమ్మ కాస్త పక్కకు జరిగి కూడా ఉండొచ్చు. నకిలీలు ఇప్పుడు పుట్టినవి కావు. రోమన్ల కాలంలోనే రాగి బిళ్ళకు వెండి రేకు చుట్టి డినేరియస్ కొట్టేవాళ్లు, అంచున గాట్లు ఉన్నవాటిలో కూడా అలాంటివి దొరికాయి. ఆ గాట్ల నాణేలంటే జర్మన్ తెగలకు గురి ఎక్కువ అని టాసిటస్ రాశాడు, పాపం వాళ్లూ మోసపోయి ఉంటారు. మన దేశంలో వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, 1972 చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు, అది కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: శాలిహుండం మా పక్కనే. రోమన్ల వెండి మన తీరానికి వచ్చిందా? ఈ దేవతల నాణేలు మనవాళ్లు చూశారా? – గార

తెలుగు నేలకు రోమన్ వెండి బాగానే వచ్చింది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో ఒకేచోట వెయ్యికి పైగా డినేరియస్‌లు దొరికాయి, అన్నీ మొదటి ఇద్దరు చక్రవర్తులు అగస్టస్, టిబేరియస్ పేర్ల మీద ఉన్నవే. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన ఎర్ర సముద్రపు ప్రయాణ పుస్తకంలో కృష్ణా ముఖద్వారం దగ్గరి మసాలియా ప్రస్తావన ఉంది, అక్కడ సన్నని బట్ట నేస్తారని. దాన్ని దాటి పైకి వస్తే ఏనుగు దంతాలు దొరికే దొసరేనె అనే ప్రాంతం ఉందని రాశాడు, దాన్ని కళింగ వైపు గుర్తిస్తారు. అంటే మన తీరం వెంబడి దారి వాళ్లకు తెలుసు. శాలిహుండం, కళింగపట్నం ఆ కాలపు వంశధార ఒడ్డున బతికిన చోట్లు.

అయితే మన దేశంలో గుట్టలుగా దొరికిన డినేరియస్‌లు ముఖ్యంగా రెండు రకాలు. అగస్టస్ నాణెం మీద అతని మనవలు గాయస్, లూసియస్ డాళ్లు, ఈటెలతో నిలబడి ఉంటారు. టిబేరియస్ నాణెం మీద కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ, చేతిలో కొమ్మ. లారెస్, మేక తోలు జూనో ఉన్న పాత నాణేలు ఇటు వచ్చినవి బహు తక్కువ. కాబట్టి మన పూర్వీకుల్లో ఒకరు ఈటెలు పట్టుకున్న ఆ ఇద్దరు యువకుల్ని చూసి వీళ్లెవరో జంట దేవుళ్లు అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు, నాణెం మీది అక్షరాలు చదివేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉంటారు?

ప్రశ్న: పొలం దున్నుతుంటే పాత నాణేలు దొరికితే ఏం చేయాలి? కంసాలికి ఇస్తే పోలీసులు పట్టుకుంటారా? – రైతు, సారవకోట

కంసాలికి ఇవ్వొద్దు నాయనా. కరిగించాక వచ్చేది గ్రాముల లెక్కన వెండి ధర, పోయేది మాత్రం ఎన్నటికీ తిరిగి రాదు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. పది రూపాయల విలువ దాటిన ఏదైనా భూమిలో దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి, మీ తహసీల్దారు ఆఫీసుకు వెళ్తే ఎలా రాయాలో చెప్తారు. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది, ఈ మూడూ రాయాలి. విచారణ తర్వాత దానికి యజమాని ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికించుకున్నవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే లోహం విలువకు అందులో ఐదో వంతు కలిపి చెల్లించాలని చట్టంలోనే ఉంది. దాచిపెడితే మాత్రం వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు.

ఇంకో మాట. దొరికినవాటిని కడగొద్దు. కుండలో ఉంటే కుండతో సహా అలాగే ఉంచండి, చోటు గుర్తుండేలా ఫోనులో ఒక ఫోటో తీసుకోండి. ఏ నాణెం పక్కన ఏది ఉంది, ఎంత లోతులో ఉంది అన్నదాన్ని బట్టే చరిత్ర రాసేవాళ్లు కాలం లెక్క కడతారు.

ప్రశ్న: మా తాతగారి వెండి నాణేలు నల్లబడ్డాయి. చింతపండుతో తోమొచ్చా? – చీపురుపల్లి

చింతపండు, విభూతి, టూత్‌పేస్టు ఏదీ వద్దు. పూజ సామాను తోమినట్టు నాణెం తోమితే బొమ్మ అరిగిపోతుంది, ఆ నలుపు పొర వెండికి నష్టం చేయదు. అంచులు పట్టుకుని చూడండి, విడివిడిగా కాగితం కవర్లలో పెట్టండి, చెమ్మ తగలనివ్వకండి.

ప్రశ్న: ఆ కుక్క నాణెం మేం చూడాలంటే ఎలా? – పలాస నుంచి కొందరు విద్యార్థులు

రోమన్ నాణేలు నేరుగా చూడాలంటే చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో పెద్ద సేకరణ ఉంది, అక్కడ దక్షిణాదిలో దొరికినవి ఉంటాయి. లారెస్ నాణెం కోసం అయితే ఇంటర్నెట్టే మేలు. మైఖేల్ క్రాఫర్డ్ అనే పండితుడు 1974లో రోమన్ గణతంత్ర కాలపు నాణేలన్నింటికీ వరుస నంబర్లు ఇచ్చాడు, ప్రపంచమంతా వాటినే వాడుతుంది. ఆయన జాబితాలో ఇది 298వ నంబరు, పాము నాణెం 412. ఆర్.ఆర్.సి. (RRC, ఆయన పుస్తకం పేరుకు పొట్టి రూపం) అని ఇంగ్లీషులో కొట్టి పక్కన నంబరు వేసి వెతకండి, మ్యూజియంల ఫోటోలు వస్తాయి. పెద్దది చేసి చూసేటప్పుడు ముందు కుక్కను చూడండి, తర్వాత పైన వల్కన్ భుజం మీది పట్టకారు వెతకండి, చాలా నాణేల్లో అది అంచు దాటి సగం తెగిపోయి ఉంటుంది. పూర్తిగా పడిన నాణెం కనిపిస్తే నాకూ ఒక ఉత్తరం రాయండి.